హెబ్రోను జేబులో నాలుగు ప్లగ్గులు

1961 మార్చి 14. మంగళవారం. ఉదయం పది గంటల నలభై నిమిషాలు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పద్మనాభయ్య జీపు దిగేసరికి శవం ఇంకా బురదలోనే ఉంది.

రొయ్యల వ్యాను రోడ్డు కట్ట దిగి కుడివైపుకు ఒరిగి పడి ఉంది. డ్రైవరు చెంగయ్య నడుము దాకా క్యాబిన్ కింద ఇరుక్కున్నాడు. తల మోకాటిలోతు బురదనీళ్లలో ఉంది. పగిలిన బుట్టల్లోంచి రొయ్యలు చుట్టూ చెల్లాచెదురుగా పడ్డాయి.

వాటిని జనం ఏరుకుంటున్నారు.

ముప్పై మంది దాకా ఉంటారు. తువ్వాళ్లలో, తట్టల్లో, చీర కొంగుల్లో నింపుకుంటున్నారు. ఒకామె చెంగయ్య చొక్కా మీద పడిన రొయ్యలను కూడా ఒక్కొక్కటే తీసి ఒళ్లో వేసుకుంది. శవాల మీద పేలాలు ఏరుకోవడం అనే మాటను పద్మనాభయ్య ఇరవై ఏళ్లుగా వాడుతున్నాడు. కళ్లతో చూడటం ఇదే మొదలు.

"నరసయ్యా, వీళ్లను తరుము" అన్నాడు కానిస్టేబుల్‌తో.

నరసయ్య లాఠీ తిప్పాడు. జనం పదడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు. ఎవరూ తట్ట కింద పెట్టలేదు.

ఈ రోడ్డు సంగతి పద్మనాభయ్యకు తెలుసు. పాలదొరువు రేవు నుంచి సూళ్లూరుపేట రైల్వే స్టేషనుకు పద్నాలుగు మైళ్లు. పులికాట్ సరస్సులో పట్టిన రొయ్యలు పొద్దున 9.55 మద్రాసు పాసింజరు ఎక్కాలి. పార్సిల్ పెట్టెలో చోటు తక్కువ. ముందొచ్చిన వాడి బుట్టలు ఎక్కుతాయి. వెనకొచ్చిన వాడివి సాయంత్రం రైలు దాకా ప్లాట్‌ఫారం మీద కుళ్లుతాయి.

రేవులో వ్యాన్లు రెండే. ఒకటి హజరత్తయ్యది, నిగనిగలాడే కొత్త బండి. రెండోది మాలకొండమ్మ అనే బెస్త ఆమెది, మిలిటరీ వేలంలో కొన్న ముసలి బండి. చిత్రమేమిటంటే ఏడాదిగా ముసలి బండే గెలుస్తోంది. దాని ఇంజిన్ ట్యూన్ చేసింది హెబ్రోను అనే మెకానిక్.

ఇప్పుడు ఆ ముసలి బండే రేవు నుంచి ఆరో మైలు దగ్గర ఒరిగి పడింది.

మధ్యాహ్నం పన్నెండుకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పేరుకు తగ్గట్టు ముందు బ్రేకులే చూశాడు.

"బ్రేకులు భేషుగ్గా ఉన్నాయండీ. ఇంజిన్ తిరక్కుండా పట్టేసింది. మూడో పిస్టన్ నడినెత్తిన చిల్లు పడింది. ఆ స్పీడులో ఇంజిన్ పట్టేస్తే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. బండి పల్టీ కొడుతుంది."

"చిల్లు ఎందుకు పడింది?"

"మెకానిక్ ఇంజిన్ పైమూత, అదే హెడ్డు, గీకించాడు. ఎక్కువ హార్స్‌పవర్ కావాలని. పాత ఇంజిన్‌కు అంత ఆశ పనికిరాదు."

"పెట్రోలు సంగతి?"

"ట్యాంకు చీలి అంతా సరస్సు పాలయింది. చూడటానికేముంది?"

రిపోర్టు మీద సంతకం చేసి, పోతూ పోతూ ఒక తట్ట రొయ్యలు జీపులో పెట్టించుకున్నాడు. పద్మనాభయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఒంటిగంటకు రేవులోని ఐసు షెడ్డులో వాంగ్మూలాలు మొదలయ్యాయి. అక్కడి కంపుకు పద్మనాభయ్య ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు.

ముందు గంగులయ్య వచ్చాడు. మాలకొండమ్మ తమ్ముడు. పెట్రోలు పోయించడం, ఐసు కొట్టించడం, బుట్టలు లెక్క చూడటం ఇతని పని. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"బండి ఎనిమిదీ నలభైకి కదలాల సార్. ఇంజిన్ కొడతా ఉంది, హెబ్రోనుకు చూపిస్తేగాని తియ్యనన్నాడు చెంగయ్య. నేనే సైకిలేసుకోని వాడి షెడ్డుకు పోయినా."

"ఎన్నింటికి?"

"ఎనిమిదీ యాభై."

"ఉన్నాడా?"

"బెంచీ మీద పొణుకోనుండాడు సార్. కన్ను గూడా తెరవలా. ఏం గాదు పో, తొక్కమను అనినాడు. ఆ మాట నమ్మి తొమ్మిదీ అయిదుకు పంపిస్తిమి. వాడే చంపినాడు సార్ మా చెంగయ్యను."

మాలకొండమ్మ ఐసుపెట్టె మీద కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. ఎవరి మొహమూ చూడటం లేదు.

"హెబ్రోను ఎట్లాంటివాడమ్మా?"

"బిడ్డ మాదిరి చూసుకుంటిని సార్. నా బండి తప్ప హజరత్తయ్య బండి ముట్టనని బైబులు మీద చెయ్యేసి చెప్పినాడు."

అది రేవు కట్టుబాటు. ఒక గుంపు పడవలకు తారు పూసేవాడు రెండో గుంపు పడవను ముట్టుకోడు. మోటార్లు వచ్చాక అదే కట్టుబాటు మెకానిక్‌కూ వచ్చింది. తప్పినవాడికి ఆ రేవులో మంచినీళ్లు కూడా పుట్టవు.

రెండు గంటలకు హెబ్రోనును తెచ్చారు. ముప్పై ఏళ్లవాడు. గ్రీజు మరకల ఖాకీ చొక్కా.

"పొద్దున ఎనిమిదీ యాభైకి ఎక్కడున్నావు?"

జవాబు లేదు.

"గంగులయ్యతో ఏమన్నావు?"

"నేనేమీ అన్లేదు సార్. ఆయన్ని నేను చూళ్లేదు."

"అయితే ఎక్కడున్నావు?"

రెండోసారీ జవాబు రాకపోయేసరికి పద్మనాభయ్య చెయ్యి లేచింది. చెంపదెబ్బ షెడ్డంతా వినిపించింది. హెబ్రోను చెంప కూడా తడుముకోలేదు. తల వంచుకున్నాడంతే.

నరసయ్య జేబులు వెతికాడు. ఒక చిన్న స్పానరు, బీడీకట్ట, నాలుగు పాత స్పార్క్ ప్లగ్గులు. పంచనామాలో రాశారు. మెకానిక్ జేబులో ప్లగ్గులుండటం వింతేమీ కాదని ఎవరూ రెండోసారి చూడలేదు.

రేపు సాయంత్రం నాలుగింటికి గూడూరు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పెడితే హెబ్రోను జైలుకే. గంగులయ్య మాటకు ఎదురుమాట లేదు.

మర్నాడు ఉదయం ఏడు గంటలు. సూళ్లూరుపేట పోలీస్ స్టేషన్.

మూడుసార్లు సబ్బుతో రుద్దుకున్నా పద్మనాభయ్య చేతికి రొయ్యల కంపు పోలేదు. హెబ్రోనును కొట్టిన చెయ్యి అదే. దాన్ని బల్ల కింద దాచుకుని రెండో చేత్తో కాగితాలు తిరగేశాడు. చూపు ప్లగ్గుల మీద పడింది.

అతనికో మోటారు సైకిలుంది. ప్రతి ఆదివారం దాని ప్లగ్గు తనే గీకి శుభ్రం చేసుకుంటాడు. నిన్న ఒరిగిన వ్యాను ఇంజిన్లో చూసిన ప్లగ్గులు సున్నంలా తెల్లగా కాలిపోయి, కొసలు కరిగి ఉన్నాయి. ఇవి అలా లేవు. వీటి మీద పసుపు, బూడిద కలిసిన రంగులో గరుకు పొక్కులు కట్టి ఉన్నాయి.

నరసయ్య లోపలికి వచ్చి, చెంగయ్య భార్య వచ్చిందని చెప్పాడు.

చెంచమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. శవాన్ని ఎప్పుడిస్తారో అడగటానికి వచ్చింది.

"పదకొండింటికి ఇస్తారమ్మా. ఒక మాట చెప్పు. బండి బాగాలేదని నీ భర్త ఎప్పుడైనా అన్నాడా?"

"రెండు దినాలుగా అంటానే ఉండాడు సార్. ఇంజిన్లో గలగలమని గులకరాళ్లు పోసినట్టు ఉందని. గంగులయ్యన్నకు గూడా చెప్పినాడంట. పక్క సీట్లో కూర్చోనుండేది ఆయనే గదా."

"గంగులయ్య రోజూ బండిలో వెళ్తాడా?"

"వానొచ్చినా వరదొచ్చినా ముందు సీటు ఆయనదే సార్. నిన్ననే కడుపు నొప్పని దిగిపోయినాడు."

పద్మనాభయ్య పెన్ను కింద పెట్టాడు.

ఏడూ నలభైకి హెబ్రోనును లాకప్‌లోంచి తెప్పించి, ప్లగ్గులు బల్ల మీద వరసగా పెట్టాడు.

"మాలకొండమ్మ బండికి ఆరు సిలిండర్లు. ఆరు ప్లగ్గులూ వాటి వాటి చోట్లే ఉన్నాయి. ఇవి నాలుగు. నాలుగు సిలిండర్ల బండి మీ రేవులో ఒక్కటే. హజరత్తయ్యది. నిన్న పొద్దున నువ్వు అక్కడున్నావు. అవునా?"

హెబ్రోను నేల మీద కూలబడ్డాడు.

"అవును సార్. మూడు దినాలుగా వాళ్ల బండి తుమ్ముతా ఉందని కబురు పెట్టినాడు. నా పెళ్లాం పురుటికి బండిచ్చి ఆదుకున్నోడు. కాదనలేకపోయినా. ఎనిమిదిన్నర నించీ తొమ్మిదింబావు దాకా ఆణ్నే ఉండా. ప్లగ్గులు మార్చినా."

"ఈ పొక్కులేంటి?"

"అదే సార్ నా పాపం." ప్లగ్గుల వైపు చూశాడు. "పెట్రోలుకు ఓర్పని ఒకటి ఉంటది సార్. ఆక్టేన్ అంటారు. ఓర్పుండే పెట్రోలు ఎంత నొక్కినా స్పార్కు వొచ్చేదాకా కాసుకోనుంటది. ఓర్పు లేంది ముందే పేలిపోతది. అప్పుడు పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు గలగలమంటది. మాలకొండమ్మ బండికి నేను హెడ్డు గీకించి సిలిండర్లో నొక్కుడు పెంచినా. స్పార్కు ముందుకు జరిపినా. అందుకే అంత పవరు. దానికి తగిన పెట్రోలు మద్రాసులో కారు రేసులోళ్ల కాణ్నించి డబ్బాల్లో తెస్తా. విమానాల పెట్రోలు, పచ్చంగా ఉంటది. అది సగం, బంకుది సగం పొయ్యాల."

"ఆ పచ్చ పెట్రోలు హజరత్తయ్య బండిలో పోస్తే?"

"ఏం రాదు సార్. ఆ ఇంజిన్‌కు నొక్కుడు తక్కువ. అరగనోడికి నెయ్యి పోసినట్టే. పవరు రాదు సరిగదా, దాంట్లో ఉండే సీసం సరిగ్గా కాలక ప్లగ్గుల మీద ఇట్ట పేరుకుంటది."

"అంటే నిన్న ఈ ప్లగ్గులు చూడగానే నీకు తెలిసింది."

"తెలిసింది సార్. మాలకొండమ్మ పెట్రోలు ఈడికొచ్చిందంటే, ఆమె బండిలో ఇంకేందో పోస్తా ఉండారని. చెబితే, హజరత్తయ్య బండి దేనికి ముట్టినావంటది. నోరు మూసుకున్నా. అప్పటికి తొమ్మిదన్నా గాలేదు. చెంగయ్య ఇంకా రేవులోనే ఉండాడు. సైకిలేసుకోని పోయుంటే..."

దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకోవడమంటే ఏమిటో పద్మనాభయ్యకు అప్పుడర్థమైంది. అయితే ఈ తేలు కుట్టింది దొంగను కాదు.

ఎనిమిదింబావుకు రైల్వే పార్సిల్ ఆఫీసు. గుమాస్తా పుస్తకం తిప్పాడు. మార్చి 14. హజరత్తయ్య, ఇరవైరెండు బుట్టలు, స్టేషనులో దించిన వేళ 9.51.

పద్మనాభయ్య ఆ అంకె రాసుకున్నాడు. రేవు నుంచి స్టేషనుకు ఒకటే రోడ్డు.

తొమ్మిదిన్నరకు ఆరో మైలు. వ్యాను కార్బ్యురేటరు విప్పించాడు. అడుగున గిన్నెలో చెంచాడు పెట్రోలు మిగిలి ఉంది. దాన్ని సీసాలో పోసి బిరడా బిగించాడు. పదకొండింటికి ఆసుపత్రిలో డాక్టరును కలిశాడు. అక్కడ విన్నది విన్నాక మధ్యాహ్నం అన్నం ముట్టబుద్ధి కాలేదు.

రెండున్నరకు అందరినీ ఐసు షెడ్డుకు పిలిపించాడు. మాలకొండమ్మ, గంగులయ్య, హజరత్తయ్య, బేడీలతో హెబ్రోను. భర్తను మట్టి చేసి వచ్చిన చెంచమ్మ తలుపు దగ్గర నిలబడింది.

పద్మనాభయ్య గుమ్మంలో ఎండ పడే చోట బల్ల వేయించి రెండు తెల్లకాగితాలు పరిచాడు.

"ఇది బంకు పెట్రోలు." ఒక కాగితం మీద నాలుగు చుక్కలు వేశాడు. "ఇది మాలకొండమ్మ బండి కార్బ్యురేటర్లోది." రెండో దాని మీద నాలుగు చుక్కలు వేశాడు.

రెండు నిమిషాలు ఆరనిచ్చాడు. మొదటి కాగితం ఆరిపోయింది, మచ్చ లేదు. రెండో దాని మీద జిడ్డు మరక మిగిలింది.

"కిరసనాయిలు" అంది మాలకొండమ్మ.

"సగానికి సగం. దానికి ఓర్పు అసలే తక్కువ. నీ ఇంజిన్‌కు విషం. హజరత్తయ్యా, నీ బండి ఎప్పటినుంచి తుమ్ముతోంది?"

"మూడు దినాల నించి సార్."

"చెంగయ్య బండి ఎప్పటినుంచి కొడుతోంది చెంచమ్మా?"

"మూడో దినమే సార్ నిన్న."

"రెండు బండ్లకు ఒకే రోజు రోగమొచ్చింది. ఒకదాని తిండి ఇంకోదానికి పెట్టారు. రెండిటికీ పడలేదు." ప్లగ్గులు తీసి హజరత్తయ్య ముందు పెట్టాడు. "నీ బండివి. వీటి మీద ఉన్న సీసం బంకు పెట్రోలుది కాదు. పచ్చ పెట్రోలు నీకెవరిచ్చారు?"

హజరత్తయ్య మెడలోని బంగారు గొలుసు సర్దుకున్నాడు. "నాకేం తెల్సు సార్..."

"ఇప్పుడే నీ షెడ్డు వెతికిస్తాను. ఖాళీ డబ్బాలు దొరుకుతాయి. చెప్పు."

"ఆ పెట్రోలు పోస్తే మా బండి గూడా ఎగురుద్దనుకున్నా సార్. అంతే. డబ్బాకు ఒక బ్రాందీ బుడ్డి ఇచ్చినా. పాండిచ్చేరి సరుకు."

"ఎవరికి?"

హజరత్తయ్య చూపు గంగులయ్య మీదికి పోయింది. షెడ్డులో అందరి చూపూ అటే పోయింది.

"ఎన్ని బుడ్లు?"

"నాలుగు."

నాలుగు బుడ్ల బ్రాందీ. కంచే చేను మేస్తే మేసింది, మేసిన మేతైనా విలువైనది కాదు. పద్మనాభయ్యకు కోపం కంటే రోత ఎక్కువైంది.

"పెట్రోలంతా ఒకటే గదా సార్" అన్నాడు గంగులయ్య. "తగ్గిన కాడికి కిరసనాయిలు పోసినా. బండి నడిస్తే చాలనుకున్నా. ఇట్టవుద్దని నాకేం తెల్సు?"

"తెలియదా?"

"మా అక్క మీద ఒట్టు సార్."

"ఒట్లు తర్వాత. నిన్న ఎనిమిదీ యాభైకి హెబ్రోను తన షెడ్డులో పడుకుని ఉన్నాడన్నావు. ఎనిమిదిన్నర నుంచి అతను హజరత్తయ్య బండి దగ్గర ఉన్నాడు. హజరత్తయ్యా, నిజమేనా?"

"నిజమే సార్."

మాలకొండమ్మ తలెత్తి హెబ్రోను వైపు చూసింది. అతను చూడలేకపోయాడు.

"గంగులయ్యా, నువ్వా షెడ్డు గడప తొక్కలేదు. హెబ్రోను వస్తే ట్యాంకు మూత తీసి వాసన చూస్తాడు. దొంగతనం బయటపడుతుంది. అందుకని అతను అనని మాట తెచ్చి చెంగయ్యకు చెప్పావు. రెండు రోజులు ఆ గలగల నీ పక్కనే విన్నావు. మూడోరోజు ఎప్పుడూ వదలని సీటు వదిలి దిగిపోయావు. నీ ప్రాణానికి భయముంది. చెంగయ్య ప్రాణమంటే లెక్క లేదు. తెలియదని నాకు చెప్పకు."

గంగులయ్య ఒక్క ఉదుటున పద్మనాభయ్య కాళ్లు పట్టుకున్నాడు. పద్మనాభయ్య బూటు వెనక్కి లాక్కున్నాడు. నరసయ్య హెబ్రోను బేడీలు విప్పి గంగులయ్యకు వేశాడు.

హజరత్తయ్య మెల్లగా తలుపు వైపు కదిలాడు.

"ఆగు. నీతో ఇంకో మాట ఉంది. నిన్న నీ బండిలో నువ్వున్నావా?"

"ఉండా సార్."

"9.51కి బుట్టలు దించావు. అంటే ఆరో మైలు దగ్గరికి సుమారు తొమ్మిదిన్నరకు వచ్చావు. చెంగయ్య బండి అప్పటికి పది నిమిషాల క్రితం పడింది. చూశావా?"

హజరత్తయ్య గొలుసు మళ్లీ సర్దుకున్నాడు.

"చూశావా?"

"చూసినా సార్."

"డాక్టరు నాతో చెప్పాడు. వాడు వెంటనే చావలేదు. ఊపిరితిత్తుల నిండా బురద ఉంది. పావుగంట, ఇరవై నిమిషాలు తల పైకెత్తి పెట్టుకుని ఉంటాడన్నాడు. నువ్వు దాటినప్పుడు బతికున్నాడా?"

హజరత్తయ్య నేల చూశాడు.

"చెయ్యి ఆడించినాడు సార్. రైలు టైమైపోతా ఉండె. వెనకొచ్చేవాళ్లు చూసుకుంటార్లే అనుకున్నా."

చెంచమ్మ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

పద్మనాభయ్యకు ఉమ్మేయాలనిపించింది. మనిషి మీద ఉమ్మేయడం యూనిఫారానికి కుదరదు గనక బయటికి పోయి ఇసుకలో ఉమ్మి వచ్చాడు. అక్కడ నిలబడ్డ ఆ కాసేపట్లోనే సెక్షన్లు లెక్కేసుకున్నాడు. గంగులయ్యకు దొంగతనం, తెలిసి చావుకు పంపినందుకు 304. హజరత్తయ్యకు దొంగసొత్తు కొన్నందుకు ఒకటి, మద్యనిషేధం ఉన్నచోట బ్రాందీ తెచ్చినందుకు ఒకటి. ఆడుతున్న చెయ్యిని చూసి ఆగకుండా పోయినందుకు అతనికి తెలిసిన చట్టంలో ఏమీ లేదు.

లోపలికి వచ్చి హెబ్రోను ముందు ఆగాడు.

"నిన్న నేను కొట్టింది తప్పు" అన్నాడు. "ఇంటికి వెళ్లు."

హెబ్రోను కదల్లేదు. మాలకొండమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మాట తప్పినా తల్లీ. తెలిసి గూడా చెప్పకపోతిని."

మాలకొండమ్మ అతనికి జవాబివ్వలేదు. ఐసుపెట్టె మీద నుంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, నాదీ రాసుకో."

"నీ వాంగ్మూలం నిన్ననే రాశాం గదమ్మా."

"చెప్పంది ఒకటి ఉండాది." బల్ల మీద చెయ్యి పెట్టింది. "ఇంజిన్ గలగలమంటే యాక్సిలేటరు మింద కాలు తీసెయ్యమని హెబ్రోను చెంగయ్యకు నేర్పించుండాడు. రెండు దినాలు అట్టనే తీసినాడు, బతికినాడు. నిన్న బండి ఆలస్యమయింది. కదిలేటప్పుడు నేను కిటికీ కాడికి పోయి, రైలు తప్పిందంటే రేపట్నించి రావద్దు అంటిని. అందుకే వాడు కాలు తియ్యలా."

"దానికి సెక్షన్ లేదమ్మా" అన్నాడు పద్మనాభయ్య.

"నేను సెక్షన్ అడగలా. రాయమంటిని."

పద్మనాభయ్య కుర్చీ లాక్కుని కొత్త కాగితం తీశాడు. ఆమె అన్నది అన్నట్టే రాశాడు. మాలకొండమ్మ వేలిముద్ర వేసి, వేలు చీరకు తుడుచుకుని, గోడవార కూర్చున్న చెంచమ్మ పక్కన కూర్చుంది.

"ఇప్పుడు చదువు సార్" అంది. "ఈమెకు వినపడాల."

పద్మనాభయ్య మొదటి వాక్యం నుంచి చదివాడు.